బుకిట్ ఎంబున్‌లో ఆరు డిగ్రీలు

అచ్చిబాబు పేరుకు మలేషియాలో నానా తిప్పలూ వచ్చాయి. గుర్తింపు కార్డు రాసిన గుమాస్తా ఓపిక చాలక "అచి" దగ్గరే ఆపేశాడు. ఆఫీసులో తమిళవాళ్ళు దాన్ని సాగదీసి "ఆచ్చీ" అని పిలిచారు. వాళ్ళ భాషలో ఆచ్చి అంటే ఇంట్లో పెద్ద ముసలమ్మ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, గుబురు మీసాలతో, భుజాన రంపం మిషనుతో చెట్టు కొమ్మ మీద కూర్చుని ఉంటే కిందనుంచి ఎవడో "ఆచ్చీ, మెల్లగా!" అని అరిచేవాడు. దారినపోయే యాత్రికులు ముసలమ్మ కోసం తలెత్తి వెతికేవారు. మొదటి ఏడాది అతనికి ఒళ్ళు మండింది. తర్వాత ముప్ఫై ఏళ్ళలో ఆ మంట ఎప్పుడు చల్లారిందో అతనికే గుర్తులేదు.

పుట్టింది మలేషియాలోనే, సముద్రం పక్కన బాగన్ దాతుక్ కొబ్బరితోటలో. తాతను శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కించి తెచ్చారు. కొబ్బరిచెట్లు ఎక్కడం తప్ప మరో విద్య రాని అచ్చిబాబు, కొండమీద ఊరి మజ్లిస్‌లో, అంటే అక్కడి మున్సిపాలిటీలో, చెట్లు ఎక్కేవాళ్ళు కావాలంటే వచ్చి చేరాడు. ఇప్పుడు ఆరుగురి మీద మేస్త్రీ. కూలిన కొమ్మలు తీయడం, కరెంటు తీగలకు తగిలేవి కోయడం, కొయ్యమన్నవి కొయ్యడం. చెట్ల మీద అతనికి ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. క్షవరం చేసేవాడికి తలల మీద ఎంత ప్రేమ ఉంటుందో అంతే.

ఆ ఊరు బుకిట్ ఎంబున్. సముద్రానికి అయిదువేల అడుగుల ఎత్తున, పొగమంచులో ఉంటుంది. అక్కడ పండేవి క్యాబేజీ, చామంతి, స్ట్రాబెర్రీ. అమ్ముడుపోయేది మాత్రం చలి. కింద పట్టణాల్లో ఏడాదంతా చెమటలు కక్కే జనం, శనాదివారాలు కార్లేసుకుని ఇక్కడికి వణకడానికి వస్తారు. వాళ్ళకోసం ఊరి ముఖద్వారంలో, రౌండు రోడ్డు మధ్య, మజ్లిస్ పెద్ద కరెంటు బోర్డు పెట్టింది. "సుస్వాగతం. ఇప్పుడు ఇక్కడ 19 డిగ్రీలు" అని ఎర్రటి అంకెలు వెలిగేవి. దాని కింద నిలబడి ఫొటో దిగనిదే ఎవరూ ఊళ్ళోకి రారు. ఆ ఫొటోకు ఉన్ని టోపీ కావాలి. టోపీలు అమ్మే కొట్టు అచ్చిబాబు భార్య పూంగొడిది. కుందేలు చెవుల టోపీలు, ఎలుగుబంటి టోపీలు, పక్కనే ఉడికించిన మొక్కజొన్న పొత్తులు.

పూంగొడి తమిళావిడ. ఇంట్లో మాట్లాడేదంతా తమిళమే. కానీ కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ అత్తగారు ఆవిణ్ణి పదేళ్ళపాటు తెలుగులో తిట్టింది. అందువల్ల పూంగొడికి తెలుగులో తిట్లన్నీ వచ్చు, తిట్లు తప్ప మరేమీ రావు.

బోర్డులో వెలిగే అంకె బోర్డులో పుట్టదు. ఊరి మధ్య చౌకులో ఒక ఇనపకడ్డీ మీద చిన్న తెల్ల డబ్బా ఉంది, అందులో యంత్రం ఉంది. అది గాలి వేడిని కొలిచి బోర్డుకు పంపుతుంది. ఆ కడ్డీ చుట్టూ పదకొండు కర్పూరచెట్లు ఉండేవి. తెల్లదొరలు నాటినవి. ఆకు నలిపితే గుడిలో ఉన్నట్టు ఉండేది. వాటి కింద మిట్టమధ్యాహ్నం కూడా నేల తడిగా ఉండేది.

ఆ ఏడాది ఫిబ్రవరిలో, యాత్రికుల బస్సులు నిలపడానికి చోటు చాలడంలేదని మజ్లిస్‌లో తీర్మానం చేశారు. చౌకును చదునుచేసి తారు వేయాలి. తీర్మానం కాగితం పట్టుకొచ్చినవాడు పర్యాటక అధికారి రవీంద్రన్. నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ బూడిదరంగు ఉన్నికోటులో ఉంటాడు. చల్లని ఊరి పర్యాటక అధికారి చలితో ఉన్నట్టు కనిపించాలని అతని నమ్మకం. ఆ కోటులో ఉక్కపోసి చావకుండా ఆఫీసుగదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏసీ వేసుకునేవాడు.

"పదకొండూ కొట్టేయాలి ఆచ్చీ. సోమవారానికి చౌకు ఖాళీగా ఉండాలి" అన్నాడు తమిళంలో.

"పదకొండూనా సార్? ఒక పక్కవి నాలుగు ఉంచితే బస్సులకి అడ్డం రావు."

"బస్సుల మీద ఆకులు రాలతాయి."

అచ్చిబాబు మనుషుల్ని పిలుచుకొచ్చాడు. కొట్టేశాడు. మూడురోజుల పని. ఊరంతా కర్పూరం వాసన ఎంత ఘాటుగా కమ్ముకుందంటే, కూరగాయల సంచితో అటు నడిచొచ్చిన మీనాచ్చి పాటి అనే ముసలావిడ టక్కున ఆగి రెండుచేతులూ కళ్ళకద్దుకుంది. చుట్టూ చూసి, హారతి కనబడక, రంపం పట్టుకున్న అచ్చిబాబుకే దణ్ణం పెట్టి వెళ్ళింది. అతని మనుషులు ఆ వారమంతా నవ్వారు. అతనూ నవ్వాడు. తర్వాత తారు వేసేవాళ్ళు వచ్చారు. ఇనపకడ్డీని ఎవరూ ముట్టుకోలేదు. అది నల్లటి మైదానం మధ్య ఒంటరిగా మిగిలింది.

మార్చి మొదటి శనివారం మధ్యాహ్నం, ముఖద్వారంలో బోర్డు ఇరవై ఎనిమిది చూపించింది.

కార్లలోంచి దిగినవాళ్ళు అంకె చూసి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఒకాయన, "ఇంట్లో ఫ్యాను కింద ఇంతకన్నా నయం" అని మళ్ళీ కారెక్కి తిప్పుకున్నాడు. ఆరోజు పూంగొడి దగ్గర ఒక్క కుందేలు కూడా కదల్లేదు. మర్నాడు ఇరవై తొమ్మిది. ఆవిడ కొట్టు కట్టేసి, టోపీల మూట నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, ఆ మూట అచ్చిబాబు ఒళ్ళోకి గిరాటేసింది.

"నీ సేతులిరిగిపోనూ! ఆ సెట్లేటి సేసినాయి నీకు? నరికిపారేసినావు గదరా! ఇప్పుడు నా టోపీలు నువ్వే ఎట్టుకో. పదకొండూ ఎట్టుకో!"

"నేనేటి సేస్తాను? మజ్లిస్ కొట్టమన్నాది, కొట్టినాను."

"మజ్లిస్ నూతిలో దూకమంటే దూకుతావేటిరా దిక్కుమాలినోడా!"

అత్తగారు ఉంటే మురిసిపోయేది. అచ్చిబాబు ఎలుగుబంటి టోపీ ఒకటి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

హోటళ్ళవాళ్ళు కూడా మజ్లిస్ మీద పడ్డారు. అందరికన్నా పెద్ద హోటలు రాజన్‌ది. గదులు అడిగినవాళ్ళు ఫోన్లు చేసి వద్దంటున్నారని అతను రవీంద్రన్ గదిలో బల్ల గుద్దాడు. "బోర్డు చెడిపోయింది, బాగుచేయించండి" అన్నాడు. రవీంద్రన్‌కు ఆ మాటతో ప్రాణం లేచొచ్చినట్టయింది. చెడిపోయింది బోర్డే. వెంటనే కౌలాలంపూర్‌లో బోర్డు కంపెనీకి ఫోన్ చేశాడు.

రెండురోజుల్లో కంపెనీ మనిషి వచ్చింది. పేరు మనీష, ఇరవై ఏడేళ్ళ ఇంజనీరు, కరీంనగర్ పిల్ల. ఈ దేశానికొచ్చి రెండేళ్ళు. నిచ్చెన పట్టుకోవడానికి రవీంద్రన్ అచ్చిబాబును పంపాడు. ఆమె కడ్డీ మీద డబ్బా విప్పుతూ ఫోన్లో తల్లితో మాట్లాడుతోంది: "ఆఁ అమ్మా, తిన్న. మస్తు చల్లగుంది ఇక్కడ."

ఫోన్ పెట్టేశాక కిందనుంచి అచ్చిబాబు, "ఏటమ్మా, తెలుగోళ్ళేటి?" అన్నాడు.

మనీష ఉలిక్కిపడి చూసింది. "అంకుల్! మీరు తెలుగా?"

"తెలుగే. మా తాతకాడ్నుండీ తెలుగే. ఏటి అలగ సూస్తన్నావు?"

"ఏటి అంటే ఏంది?"

"ఏంది అంటే ఏటి?"

ఇద్దరూ కాసేపు అలాగే ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. ఆమె డబ్బా మూసి నిచ్చెన దిగింది. సంచిలోంచి చేతిలో పట్టే థర్మామీటరు తీసి, కడ్డీ పక్కనే గాల్లో పట్టుకుంది. అదే అంకె.

"యంత్రం మంచిగనే ఉంది అంకుల్. గీ జాగనే కాలిపోతుంది. ఇక్కడ ముందు ఏముండె?"

"కర్పూరం సెట్లు. పదకొండు."

"ఎవరు కొట్టిన్రు?"

అచ్చిబాబు తారు వైపు చూశాడు. "నేనేనమ్మా" అన్నాడు.

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి పదకొండు అని రాసుకుంది. అదే అతనికి గుచ్చుకుంది. పూంగొడిలా తిడితే బాగుండేది.

డబ్బాను ఇంకోచోటికి మార్చాలి, చల్లగా ఉండే చోట్లు చూసి రాయండి అని రవీంద్రన్ చెప్పాడు. అందుకని ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఊరు తిరిగారు. ముందు బస్టాండు: ముప్ఫై. రేకుల కప్పు మార్కెట్టు: ముప్ఫై ఒకటి. బ్యాంకు ముందు కుండీల్లో తాటిమొక్కలు, ప్లాస్టిక్ చెర్రీపూల చెట్టు: ఇరవై తొమ్మిది. మనీష ప్రతిచోటా ఆగి పుస్తకంలో రాసుకుంటోంది. పై శాలువా మాత్రం తీయలేదు.

"మా దగ్గర మే నెలల నలభై ఆరు ఉంటది అంకుల్. ఇరవై తొమ్మిదికి మీరంత పరేషాన్ అయితే నాకు నవ్వొస్తుంది."

"నలభై ఆరా? మనుసులు బతుకుతారా అక్కడ?"

"బతుకుతరు. తిడుతూ బతుకుతరు."

పోలీసు క్వార్టర్ల వెనక అడవి ఓకుచెట్లు నాలుగున్నాయి. అక్కడికి రాగానే అచ్చిబాబు అలవాటుగా ఒక బండ మీద కూర్చున్నాడు. ఆమె కొలిచింది: ఇరవై రెండు. తర్వాత పైన్ చెట్ల వరస. అక్కడా అతనికి ఒక బండ ఉంది: ఇరవై ఒకటి. కొండవాగు పక్కన దేవదారు లాంటి ఎత్తయిన చెట్టు, దాని వేళ్ళ మధ్య అతని వీపుకు సరిగ్గా సరిపోయిన ఒక గుంట: ఇరవై.

మనీష పెన్ను ఆపింది. "అంకుల్, మీరు ప్రతి చల్లటి జాగల ఇంతకుముందే కూసొని ఉన్నరు. ఎట్ల తెలుసు?"

అచ్చిబాబు ఎప్పుడూ ఆలోచించని సంగతది. "అన్నం తినడానికి కూకుంటాను. తిన్నాక కునుకు తీస్తాను" అన్నాడు. ముప్ఫై ఏళ్ళుగా మధ్యాహ్నం పన్నెండున్నరకు అతని కాళ్ళు అతన్ని అడక్కుండా నడిచిన చోట్లే అవన్నీ. ఆ లెక్కన ఊళ్ళో మొదటి థర్మామీటరు తన వీపే. అతనికి కొంచెం గర్వంగా అనిపించింది. వెంటనే మరో సంగతి తట్టింది. అతను ఎక్కువసార్లు కునుకు తీసింది చౌకులో, చివరి కర్పూరచెట్టు కింద. దాన్ని కొట్టిన రోజు కూడా కొట్టడానికి ముందు దాని కిందే అన్నం తిన్నాడు. పెరుగన్నం, మామిడికాయ ఊరగాయ. ఆకులు దులుపుకుని లేచి రంపం తిప్పాడు.

"కొట్టేటప్పుడు ఏటీ అనిపించలేదమ్మా" అన్నాడు. "నడుం నొప్పి తప్ప."

"ఇప్పుడేం అనిపిస్తుంది?"

"నడుం నొప్పే. కూకోడానికి సోటు లేదు గదా."

అన్నిటికన్నా చల్లగా ఉన్నది ఊరి చివర, తెల్లదొరల శ్మశానం వెనక లోయ. నాచుపట్టిన పెద్ద చెట్లు, కిందనుంచి వాగు తేమ. మధ్యాహ్నం వేళ కూడా పద్దెనిమిదిన్నర.

ఆ కాగితం చూసి రవీంద్రన్ కోటు గుండీ పెట్టుకున్నాడు. గది ఏసీ పదహారు మీద ఉంది. "శ్మశానమా! దయ్యాల చలి అని రాస్తారు పేపర్లో. పైగా పద్దెనిమిదిన్నర ఏం సరిపోతుంది? పైన మన పోటీ కొండ ఊళ్ళో పదిహేను చూపిస్తున్నారు. ఈ ఊళ్ళో పదిహేనుకు తక్కువ ఎక్కడుంది?"

మనీష ఇంగ్లీషులో, సెన్సరు ఉండాల్సిన పద్ధతి, గాలి ఆడే చోటు, నీడ, నేల నుంచి ఎత్తు, ఇవన్నీ చెప్పబోయింది. రవీంద్రన్ చెయ్యెత్తి ఆపి అచ్చిబాబు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు ఆచ్చీ. ముప్ఫై ఏళ్ళుగా ఉన్నావు."

అచ్చిబాబుకు మధ్యాహ్నమంతా తిరిగి కాళ్ళు లాగుతున్నాయి. చెట్లు కొట్టమన్నప్పుడు అడగని సలహా ఇప్పుడు అడుగుతున్నాడు. అతని నోరు ఊరుకోలేదు.

"మార్కెట్టు వెనక చామంతిపూలు దాచే చల్లటి గది ఉంది సార్. అందులో ఆరు ఉంటుంది" అన్నాడు.

మనీష నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. రవీంద్రన్ నవ్వలేదు. కాసేపు పైకప్పు వంక చూసి, "ఆ గది ఊళ్ళోనే ఉంది కదా?" అన్నాడు.

"ఊళ్ళోనే ఉంది సార్."

"అయితే అది ఊరి ఉష్ణోగ్రతే."

మనీష తను ఆ పని చేయనని అక్కడే చెప్పేసి, అదే మాట కంపెనీకి రాసి, సాయంత్రం బస్సులో కొండ దిగిపోయింది. థర్మామీటరు మాత్రం అచ్చిబాబు చేతిలో పెట్టింది. "మీకు అక్కర లేదనుకోండి. అయినా ఉంచుకోండి" అంది. మర్నాడు రవీంద్రన్ ఊళ్ళో కరెంటుమేస్త్రీని పిలిచి డబ్బా ఊడదీయించి, చామంతుల మధ్య మేకు కొట్టించాడు.

బోర్డులో ఆరు వెలిగింది.

ఆ ఫొటో దేశమంతా తిరగడానికి ఒక పూట పట్టింది. మలేషియాలో ఆరు డిగ్రీలు! ఈ వారాంతం మంచు కురుస్తుందట అని ఎవరో రాశారు. కురిసిందట అని ఇంకొకరు రాశారు. శనివారం పొద్దున తొమ్మిదికల్లా కొండదారి మీద కార్ల వరస దిగువ ఊరిదాకా పాకింది. పూంగొడి దగ్గర టోపీలు గంటలో అయిపోయాయి. చేతితొడుగులు విడిగా ఒక్కొక్కటి అమ్మింది.

పదకొండయ్యేసరికి చౌకులో తారు కాలుతోంది. అక్కడ దిగిన జనం అంతా లావుపాటి దూది కోట్లలో, బూట్లలో ఉన్నారు. ఒకాయన మంచుమీద జారే చెక్క పట్టుకొచ్చాడు. ముందు ఎవరూ ఒప్పుకోలేదు. ఆరు అని రాసి ఉంది కదా, చలి వేయాలి కదా అని కోట్లు తీయకుండా నిలబడ్డారు. చెమటలు కారుతున్నాయి. చివరికి ఒక చిన్న పిల్ల "అమ్మా, ఉడికిపోతున్నా" అని గట్టిగా ఏడ్చింది. అంతే, అందరికీ ఒకేసారి ఉడికింది. కోట్లు విప్పి మజ్లిస్ ఆఫీసు మెట్ల మీద కుప్పపోశారు. టోపీలు, పూంగొడి ఆరోజు చౌకులో పెట్టిన కొట్టు మీదకు రాళ్ళలా వచ్చి పడ్డాయి. ఆవిడ బల్ల కింద దూరి తెలుగులో తిడుతోంది. రవీంద్రన్ గది తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది.

అచ్చిబాబు తన ఆరుగురితో రోడ్డు సర్దడానికి వచ్చాడు. జనం మధ్యలో ఒక వ్యాను, పక్కన మడత కుర్చీలో ఒక ముసలమ్మ. ఒంటి మీద నాలుగు స్వెట్టర్లు, తలకు తువ్వాలు. మొహం కందగడ్డలా ఉంది. మనవలు అట్టముక్కలతో విసురుతున్నారు.

"ఓలమ్మో, ఓలమ్మో" అంటోంది.

అచ్చిబాబు ఆగిపోయాడు. "ఏ ఊరమ్మా మీది?"

"హుటాన్ మెలింటాంగు బాబూ. శాంతాదేవి నా పేరు. డెబ్బయ్యెనిమిదేళ్ళొచ్చినాయి, సచ్చేలోగా మంచు సూడాలని వచ్చినాను. ఏదీ మంచు? ఎవడా బోర్డు ఎట్టినోడు? వోణ్ణి ఓపాలి నాకాడికి తీసుకురా!"

బోర్డు పెట్టింది అతను కాదు. కానీ ఆ ఆరు అతని నోట్లోంచి వచ్చిందే. ముసలమ్మ చెయ్యి పట్టుకుని లేపాడు. "మంచు లేదమ్మా. సల్లటి సోటు ఉంది. నాతో రండి" అన్నాడు. ఆమె వెనక ఆమె ఇంటివాళ్ళు పద్నాలుగుమంది లేచారు. వాళ్ళ వెనక, ఎక్కడికో తెలియకుండానే, చౌకు సగం కదిలింది.

అతను తన మనుషుల్ని తలా ఒక దారికి పంపాడు: ఓకుచెట్ల కిందికి కొందరు, పైన్ వరస కిందికి కొందరు, వాగు ఒడ్డుకు కొందరు. శాంతాదేవి గుంపును మాత్రం తనే లోయలోకి నడిపించాడు. చెట్ల కిందికి రాగానే ఆమె ఆగి, నోరు తెరిచి గాలి పీల్చింది. ఒక స్వెట్టరు విప్పింది. కాసేపటికి, ఆశ్చర్యంగా, మళ్ళీ వేసుకుంది. కూర్చోవడానికి చుట్టూ చూస్తే నాచుపట్టిన రాళ్ళన్నీ సమాధులే.

"ఈ రాయి కింద ఎవరున్నారు?" అంది.

అచ్చిబాబు వంగి పేరు కూడబలుక్కున్నాడు. "రబ్బరుతోటల దొరట అమ్మా. తెల్లోడు."

"తోటదొరా?" శాంతాదేవి ఆ రాయిని పైనుంచి కిందికి చూసింది. "మా అయ్య నలభై ఏళ్ళు ఈళ్ళ ముందు నిలబడే ఉన్నాడు. అయితే కూకోవచ్చు." తువ్వాలు పరిచి, దొర మీద హాయిగా చతికిలబడి, ఫ్లాస్కులో టీ పొయ్యమంది.

ఆ సాయంత్రం దాకా ఊళ్ళో ఉన్న ప్రతి పాతచెట్టు కిందా చాపలు పడ్డాయి. కొందరు చలేస్తోందని కోట్ల కోసం మజ్లిస్ మెట్ల దగ్గరకు వెనక్కి పరుగెత్తారు. ఎవరి కోటు ఎవరు వేసుకెళ్ళారో చెప్పడం కష్టం. మంచు చూడకుండానే చాలామంది నవ్వుతూ కొండ దిగారు. పేపర్లు మాత్రం నవ్వలేదు. చామంతి గది ఫొటోతో సహా వేశాయి.

విచారణ జరిగింది. ముగ్గురు పెద్దలు ఏసీగదిలో కూర్చున్నారు. రవీంద్రన్, సాంకేతిక సలహా కింది ఉద్యోగి ఇచ్చాడని చెప్పాడు. మధ్యలో కూర్చున్న పెద్దాయన అచ్చిబాబును అడిగాడు: "పూలగది సంగతి చెప్పింది నువ్వేనా?"

"నేనే తువాన్" అన్నాడు అచ్చిబాబు, మలయ్‌లో అయ్యగారూ అన్నట్టు.

"ఎందుకు చెప్పావు?"

"పదిహేనుకు తక్కువ ఎక్కడుందని అడిగారు. ఉన్నచోటు చెప్పాను. వేళాకోళానికన్నాను. కోటు వేసుకున్నవాళ్ళకు వేళాకోళం వినబడదని నాకు తెలియదు."

పెద్దాయన దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. అయినా శిక్ష శిక్షే. రవీంద్రన్‌కు మందలింపు కాగితం. బోర్డు ఆర్పేశారు. అచ్చిబాబును చెట్ల పని నుంచి తీసి, చౌకులో బస్సులు నిలిపే చోట ఈల వేసే పనిలో పెట్టారు. పొద్దున ఎనిమిది నుంచి నాలుగుదాకా, ఆ తారు మధ్య.

మొదటి వారం అతను ఈల వేస్తూ నెట్టుకొచ్చాడు. రెండో వారం మధ్యాహ్నాలు కళ్ళు బైర్లు కమ్మాయి. మనీష ఇచ్చిన థర్మామీటరు జేబులోంచి తీసి చూస్తే ముప్ఫై రెండు. పన్నెండున్నరకు కాళ్ళు అలవాటుగా చివరి కర్పూరచెట్టు ఉన్నచోటికి వెళ్ళి, అక్కడ బస్సు చక్రం పక్కన ఆగిపోయేవి. అతను నిలబడే అన్నం తినేవాడు. తను కొట్టిన చోట తననే నిలబెట్టారు. అతనికి మజ్లిస్ మీద కోపం వచ్చింది, తన మీద ఇంకొంచెం వచ్చింది.

ఎండలో పనిచేసేవాళ్ళు గొడుగు అడగవచ్చని రూలు ఉంది. అచ్చిబాబు స్టోరుకు వెళ్ళి ఫారం తెచ్చుకున్నాడు. వస్తువు పేరు రాయాల్సిన గడిలో మలయ్‌లో "పాయుంగ్ హిడుప్" అని రాశాడు, అంటే బతికున్న గొడుగులు. ఎన్ని అన్న గడిలో పదకొండు రాసి, ధైర్యం చాలక కొట్టేసి ఆరు అని దిద్దాడు. స్టోరు గుమాస్తా దాసు కింద సంతకం ఉందా లేదా అని తప్ప ఏ ఫారమూ చదివినవాడు కాదు. ముద్ర వేశాడు. ఆ ముద్ర పట్టుకుని అచ్చిబాబు మజ్లిస్ నర్సరీకి వెళ్ళి, ఆరు కర్పూరపు మొక్కలు దింపించుకున్నాడు.

నాటడానికి తారు పగలగొట్టాలి. పాత మనుషులు ఆరుగురూ ఆదివారం గడ్డపారలతో వచ్చారు. ఎవడో పోలీసుకు ఫోన్ చేశాడు. పోలీసు వచ్చి, ముద్ర ఉన్న కాగితం చూసి, "గొడుగులా?" అన్నాడు. "గొడుగులే తువాన్. ఇంకా విప్పుకోలేదు" అన్నాడు అచ్చిబాబు. పోలీసు మొక్కలను చూశాడు, ముద్రను చూశాడు, మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు. రెండు బస్సుల జాగా పోయింది. సోమవారం హోటలు రాజన్ మనుషులు వచ్చి పెద్దగా అరిచారు. ముద్ర వేసిన కాగితం తప్పని ఒప్పుకోవడం మజ్లిస్‌కు ఇంకా పెద్ద తలనొప్పి గనక, ఎవరూ వాటిని పీకలేదు.

పూంగొడి టోపీలు మానేసి, కొబ్బరినీళ్ళలో ఐసు తురుము వేసి అమ్మడం మొదలుపెట్టింది. బేరం బాగానే ఉంది. అయినా మొగుణ్ణి క్షమించలేదు. రోజూ మధ్యాహ్నం ఒక గ్లాసు తెచ్చి, "తాగి సావు" అని అతని చేతిలో పెట్టి వెళ్తుంది.

ఒకరోజు రవీంద్రన్ కారు వచ్చింది. అద్దం దించి చుట్టూ చూశాడు. చౌకంతా ఎండ. అతను కారును మెల్లగా తిప్పి, ఆఖరి మొక్క పక్కకు తెచ్చి ఆపాడు. మొక్క అతని కారు తలుపు పిడి దాకా కూడా రాలేదు.

"ఇక్కడ నీడ ఎప్పుడొస్తుంది ఆచ్చీ?" అన్నాడు.

"తొందరపడితే పదిహేనేళ్ళు సార్."

"అప్పటికి నేను రిటైరైపోతాను."

"నేను పోతాను" అన్నాడు అచ్చిబాబు. "అయినా కారు ఇక్కడే పెట్టండి. బస్సులు మొక్క మీదకి రాకుండా అడ్డం ఉంటుంది."

రవీంద్రన్ ఏదో అనబోయాడు. అప్పటికే ఒక పెద్ద బస్సు వెనక్కి వస్తోంది. అచ్చిబాబు చేతిలోని కొబ్బరినీళ్ళ గ్లాసు కారు కప్పు మీద పెట్టి, ఈల నోట్లో పెట్టుకుని, చేతులూపుతూ దానికి ఎదురు పరుగెత్తాడు.